వదినగారి ఎర్ర టోపీ

మా కొజిమా ఊళ్ళో ఫుమియో నవ్వించలేకపోయిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ స్వయానా ఆడపడుచు కావడం దాని ఖర్మ.

నేనూ ఫుమియో ఒకే షెడ్డులో పక్కపక్క మిషన్ల మీద ముప్పై ఒక్క ఏళ్ళుగా బడిపిల్లల టోపీలు కుడుతున్నాం. చిన్నబడి పిల్లలకి పసుపుపచ్చవి, పెద్దబడి పిల్లలకి ఆటల పీరియడులో తిప్పి పెట్టుకోవడానికి ఒకవైపు ఎరుపూ ఒకవైపు తెలుపూ ఉండేవి. నాకంటే ఏడేళ్ళు చిన్నది కాబట్టి నన్ను కినుయే అక్కా అంటుంది. ఆ పిలుపులో ఎంత మర్యాద ఉంటుందో, తర్వాత వచ్చే మాటలో అంత వెటకారం ఉంటుంది. యజమాని తుమ్మబోయి ఆగిపోతే మొహం ఎలా పెడతాడో చేసి చూపించి అందరి చేతా కుట్టు తప్పించేది. ఒకసారి నా కుర్చీ మీది దిండులో బాతులా అరిచే రబ్బరు బొమ్మ పెట్టి కుట్టేసింది. నేను కూర్చున్నప్పుడల్లా బాతు అరిచేది. మారిస్తే దానికి లొంగిపోయినట్టవుతుందని నేనా దిండు రెండు నెలలు మార్చలేదు.

ఇక ఆ ఆడపడుచు పేరు ఇత్సుకో. మా పురపాలక కార్యాలయంలో పన్నుల విభాగంలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశారు. కాగితంలో ఒక్క అంకె కుదురుగా లేకపోయినా వెనక్కి పంపేవారు. నావి రెండుసార్లు వెనక్కి వచ్చాయి, అందులో ఒకసారి తప్పు నాదే. ఆవిడకి పన్నెండో ఏట తల్లి పోతే, అప్పటికి ఐదేళ్ళవాడైన తమ్ముడు తదహారుని తానే పెంచారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ తమ్ముడికి ఫుమియోని ఇచ్చి పెళ్ళి చేసిందీ ఆవిడే, చేసి పశ్చాత్తాపపడిందీ ఆవిడే అని ఫుమియో అంటుంది.

పెళ్ళైన కొత్తలో మొదటిసారి అందరూ కలిసి భోంచేస్తుంటే ఫుమియో పెళ్ళి చేయించిన పూజారిని అనుకరించింది. మామగారు పొలమారి చచ్చేంత పనయింది. ఇత్సుకో గారు మాత్రం చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి, "అయిందా?" అన్నారు. అంతే. అప్పటినుంచి ముప్పై ఏళ్ళు ఫుమియో చేయని ప్రయత్నం లేదు. పులుసులో రబ్బరు బొద్దింక వేసింది. పిల్లికి మామగారి కళ్ళజోడు పెట్టింది. ఆవిడ ప్రతిసారీ "అయిందా?" అనడం, కొత్త సంవత్సరానికి వచ్చినప్పుడల్లా కిటికీ అంచు మీద వేలు రాసి దుమ్ము చూడడం, వెళ్ళిపోవడం.

ఈ ఏడు జూన్‌లో ఆవిడకి అరవై నిండుతాయి. ఆ నెలాఖరుకి సముద్రం మీది వంతెన అవతల సకాయిదే ఊళ్ళో చిన్న వాటా తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఆ మాట తెలిసిన రోజు ఫుమియో మధ్యాహ్నం దాకా ఒక్క జోకు వేయలేదు. నాకు భయం వేసింది.

"ఏమే, ఒంట్లో బాలేదా?" అన్నాను.

"వదిన వెళ్ళిపోతున్నారక్కా."

"మంచిదేగా. నీ కిటికీలకి విశ్రాంతి."

"నవ్వకుండానే వెళ్ళిపోతున్నారు," అంది. "ముప్పై ఏళ్ళయినా ఆ ఇంట్లో నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్లాగే ఉన్నాను. ఆవిడ ఒక్కసారి నా ఎదురుగా నవ్వితే చాలు, ఆ ఇంటి మనిషిననుకుంటాను. చివరి అవకాశం ఈ అరవయ్యో పుట్టినరోజే."

అరవై నిండితే ఎర్ర టోపీ, చేతుల్లేని ఎర్ర కోటు తొడిగి, మళ్ళీ పసిబిడ్డవయ్యావని ఫొటో తీస్తారు కదా. నాకూ నిరుడు తీశారు. ఆ ఫొటోలో నేను పుచ్చకాయ ముక్కలా ఉన్నానని ఫుమియో దాన్ని షెడ్డు గోడకి అంటించింది. ఇత్సుకో గారు మాత్రం ముందే కబురంపారు, ఎర్ర టోపీ తెచ్చినవాళ్ళని టోపీతో సహా బయటికి పంపుతానని.

ఇలా ఉండగా మే నెలలో ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషను చేశారు. రాత్రి బట్టలు తెమ్మని తాళాలిచ్చి ఫుమియోని తన ఇంటికి పంపారు. బీరువాలో రెండో అర అని చెప్పారు. దాని చెయ్యి మూడో అర మీదికి పోయింది. అక్కడ ఖాకీ కాగితం అట్టలు వేసి, గుండ్రటి చేతిరాతతో "నీటిపన్ను, పాత దస్త్రాలు" అని రాసిన పెట్టెలు ఇరవై ఆరు ఉన్నాయట. ఇంట్లో నీటిపన్ను దస్త్రాలేమిటని ఒకటి తెరిచింది. లోపల బొమ్మల సీరియల్ డిస్కు. "మబ్బుదొంగ నగికో."

మర్నాడు షెడ్డుకి వచ్చి నాకు చెప్పింది. నేను నమ్మలేదు. ఫోనులో ఫొటో చూపించింది. నీటిపన్ను అట్ట కింద పిల్లబొమ్మ నవ్వుతోంది. తల మీద ఎర్రటి టోపీ, వెడల్పాటి అంచు, కుందేలు చెవుల్లా రెండు చెవులు, ఒకటి నిటారుగా, ఇంకొకటి మధ్యలో విరిగి వేలాడుతూ.

"ఎర్ర టోపీ," అంది ఫుమియో.

"అయితే?"

"వదిన అరవయ్యేళ్ళ టోపీ వద్దన్నారు. నగికో టోపీ వద్దనలేదు కదా."

అప్పటికి నాకు అర్థమైంది, అది ఏం చేయబోతోందో. వద్దని చెప్పాలి కదా, చెప్పలేదు. బొమ్మలో టోపీ ముందువైపు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి వెనక ఎలా ఉంటుందో తెలుసుకోవాలని మధ్యాహ్నం అన్నం డబ్బాలు ముందు పెట్టుకుని ఫోనులో ఆ సీరియల్ చూడడం మొదలుపెట్టాం. మబ్బుల మీద పన్ను వేసే రాజు, ఆ రాజు కళ్ళుగప్పి వానని దొంగిలించి ఎండిన ఊళ్ళకి పంచే పిల్ల. పన్ను అధికారులు వెంటపడడం, అది తప్పించుకోవడం. టోపీ వెనకవైపు మూడో భాగంలోనే కనిపించింది. ఆ తర్వాత ఇరవై మూడు భాగాలూ ఎందుకు చూశామని నన్నడక్కండి. పదకొండో భాగంలో నేను ఏడ్చాను, నెపం అన్నం డబ్బాలోని ఉల్లికాడల మీద పెట్టాను.

గుడ్డ దొరకడం కష్టం కాలేదు, ఆటల టోపీల ఎరుపు తానులు తానులుగా మా వెనకే ఉంది. యజమానిని అడిగి మిగులు ముక్కలు తీసుకున్నాం. అంచు నిలబడడానికి బక్రం రెండు పొరలు, చెవుల్లోకి సన్న తీగ, లోపల మెత్తటి లైనింగు. నాలుగు రోజుల్లో టోపీ తయారు. మేం చచ్చింది ఆ విరిగిన చెవి దగ్గరే.

మా షెడ్డులో కుట్టు వంకర పోతే టోపీ తిరిగొస్తుంది. కుడి ఎడమల మధ్య రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే తిరిగొస్తుంది. అలా ముప్పై ఒక్క ఏళ్ళు కుట్టిన చేతికి ఇప్పుడు వంకరగా కుట్టు అంటే కుదురుతుందా? మొదటిసారి ఫుమియో చెవిని మధ్యలో మడిచి కుట్టింది. అది విరిగిన చెవిలా లేదు, ఇస్త్రీ చేసి మడతపెట్టిన రుమాలులా ఉంది. రెండోసారి కళ్ళు మూసుకుని కుట్టింది. తెరిచి చూస్తే గీత గీసినట్టు ఉంది, మామూలుకంటే బాగా వచ్చింది.

"నువ్వు కుట్టక్కా. నీ కుట్టు ఎప్పుడూ కాస్త అటూ ఇటూ ఉంటుంది," అంది.

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. దాని నోరు మూయించాలని ఎడంచేత్తో గుడ్డ తోసి కుట్టాను. నాదీ తిన్నగానే వచ్చింది. జీవితంలో మొదటిసారి మంచి కుట్టు కుట్టినందుకు మేమిద్దరం నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాం.

చివరికి ఫుమియో ఆ చెవిని తడిపి, కుర్చీ మీద పెట్టి, దాని మీద కూర్చుని అన్నం తిన్నది. సరిపోలేదని నన్నూ కూర్చోమంది. సాయంత్రానికి చెవి మీద లారీ వెళ్ళినట్టయింది. అలా కుదిరింది.

టోపీని చెక్క తల మీద పెట్టి వెనక్కి జరిగి చూస్తుంటే నాకు తట్టింది.

"ఫుమియో, బొమ్మలో విరిగింది ఎడమ చెవి కదూ. మనం కుడిది విరిచాం."

"తెలుసు."

"తెలిసి విరిచావా?"

"సరిగ్గా కుట్టి ఇచ్చామనుకో, వదిన చూస్తారు, సంతోషం అంటారు, మూట కట్టుకుని పట్టుకుపోతారు. ఎవరికీ ఏమీ తెలీదు. అదే తప్పు కనిపిస్తే? ముప్పై ఎనిమిదేళ్ళు తప్పులు పట్టిన మనిషి. నోరు కుట్టేసుకుని కూర్చోగలరా?"

"నోరు తెరిస్తే నువ్వు బీరువా వెతికావన్నది కూడా బయటపడుతుంది. మళ్ళీ నీ గడప తొక్కరు."

ఫుమియో టోపీ అంచు మీది నూలుపోగు తీసి నా జాకెట్టుకి అంటించింది. "తొక్కకపోతే పోనీ అనుకోవాలని చూశానక్కా. రావడం లేదు ఆ ధైర్యం. అయినా ఇస్తాను," అంది. అప్పుడు దాని మొహంలో అల్లరి లేదు, భయం ఉంది.

పుట్టినరోజు ఆదివారం మధ్యాహ్నం, ఫుమియో ఇంట్లో. నన్ను సాక్షిగా పిలిచింది. ఎర్ర గింజలు వేసి వండిన అన్నం, ఉప్పు రాసి కాల్చిన చేప, ఆక్టోపస్ ముక్కలు. ఇత్సుకో గారు బూడిదరంగు కోటు వేసుకుని వచ్చి, కిటికీ అంచు మీద వేలు రాసి, వేలు చూసుకుని, దిండు మీద కూర్చున్నారు. తదహారు తింటూనే ఉన్నాడు. ఆయన ఏదైనా జరుగుతుందని తెలిస్తే ముందు తినేసే రకం.

ఫుమియో మూటగుడ్డ విప్పి, రెండు చేతులతో టోపీని వదినగారి ముందు పెట్టి తల వంచింది. "అరవయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు వదినా. నా చేత్తో కుట్టాను. లోపాలుంటే క్షమించండి."

తదహారు చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. "ఎరుపు వద్దని అక్క చెప్పలేదూ? అయినా ఇదేం టోపీ, చెవులేంటి, కుందేలుని తొక్కారా?"

ఇత్సుకో గారు కళ్ళజోడు సవరించుకున్నారు. టోపీ వైపు అలా చూస్తూ ఉన్నారు. ఆవిడ చెవి తమ్మెలు ఎర్రబడడం నాకు కనిపించింది. గుమ్మం ఎంత దూరంలో ఉందో లెక్కేసుకున్నాను. ఫుమియో తల ఎత్తలేదు, చాప మీద ఆనించిన దాని వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

"మూడో అర," అన్నారు ఇత్సుకో గారు.

"రెండో అరలో దుమ్ము లేదండి," అంది ఫుమియో చాపతో చెబుతున్నట్టు. "మూడో అరలో ఉందేమోనని చూశాను."

నేను చచ్చానే అనుకున్నాను. ఆవిడ పెదవి కదిలింది. "అయిందా?" అన్నారు. అని ఊరుకుని, టీ తాగి, కప్పు కింద పెట్టి, ఇంక ఆపుకోలేకపోయారు. "విరిగింది ఎడమ చెవి."

"ఏమిటండీ?"

"ఎడమ చెవి విరగాలి. నువ్వు కుడిది విరిచావు. పదిహేడో భాగంలో నగికో తూర్పుకి తిరిగి నిలబడి ఉంటుంది. రాజుగారి బాణం ఉత్తరం నుంచి వస్తుంది. తూర్పుకి తిరిగినవాళ్ళకి ఉత్తరం ఏవైపు?"

"అక్కా," అన్నాడు తదహారు, నోరు తెరిచి, "నువ్వు బొమ్మల సీరియళ్ళు చూస్తావా?"

"ముప్పై ఎనిమిదేళ్ళు జనం దగ్గర పన్ను వసూలు చేశాను. ఇంటికొచ్చాక ఎగ్గొట్టేవాళ్ళని చూసుకుంటే నీకేం నొప్పి?" అని ఆవిడ టోపీ అందుకున్నారు. "చెబితే అర్థం కాదు మీకు. ఇదిగో, పెట్టుకున్నాక ఇది ఎడమ."

ఎర్ర టోపీని తనంతట తానే తల మీద పెట్టుకున్నారు. అప్పుడు చూశాం మేమిద్దరం. రెండువైపుల నుంచీ తెల్లటి రబ్బరు తాడు వేలాడుతోంది. టోపీ అన్నాక గడ్డం కింద రబ్బరు ఉంటుంది, మా చేతులకి ఇంకోలా తెలీదు. మబ్బుదొంగ టోపీకి రబ్బరేమిటని నాలుగు రోజుల్లో ఒక్కరికీ తట్టలేదు. అది నువ్వు కుట్టావంటే నువ్వు కుట్టావని ఇప్పటికీ మాకు గొడవే.

ఆవిడ దాన్ని గమనించినట్టే లేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి రబ్బరుని గడ్డం కిందికి లాక్కుంది, ఆరేళ్ళ వయసులో మనందరి చేతులూ నేర్చుకున్నట్టే. ఇక పదిహేడో భాగం మొత్తం చెప్పడం మొదలుపెట్టారు. గాలి ఎటు వీస్తోంది, బాణం ఎంత దూరం వచ్చింది, వెనక కుట్టు గుండ్రంగా కాక కోణంగా ఎందుకుండాలి. ఫుమియో వంచిన తల వంచినట్టే ఉంచి అన్నిటికీ "చిత్తం వదినా" అంటోంది. రహస్యమైతే బయటికి వచ్చింది, నవ్వు మాత్రం రాలేదు. దాని ఎర కుదిరింది కానీ చేప పడలేదు.

మాట మధ్యలో ఆలోచించుకోవడానికి ఇత్సుకో గారు ఒకచోట ఆగారు. కళ్ళు పైకెత్తి, ఏదో గుర్తు తెచ్చుకుంటూ, గడ్డం కింది రబ్బరుని బొటనవేలితో లాగి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు. అరవయ్యేళ్ళ మనిషి, విశ్రాంత అధికారి, రెండు చెవుల ఎర్ర టోపీతో, రబ్బరు నములుతూ.

తదహారు అన్నం ముద్ద మింగి, చాలా మామూలుగా, ఐదేళ్ళ పిల్లాడు చెప్పినట్టు అన్నాడు.

"అక్కా, నమలకు. అమ్మ మళ్ళీ దానికి ఆవాల ముద్ద రాస్తుంది."

రబ్బరు ఆవిడ నోట్లోంచి జారి గడ్డానికి చురుక్కున తగిలింది. ఆవిడ తమ్ముడి వైపు చూశారు.

"నీకెలా గుర్తుంది అది?"

"నేను నాకాను కదా. రోజంతా ఏడ్చాను."

ముందు ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోననుకున్నాను. కాదు. నవ్వు అలవాటు లేని గొంతు కాబట్టి తలుపు కీచుమన్నట్టు మొదలై, దగ్గులోకి వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చి, చివరికి చాప మీద చెయ్యి ఆనించి ఒంగిపోయి నవ్వారు. విరగాల్సిన చెవి నిటారుగా ఊగింది, విరగకూడనిది కళ్ళ మీద పడింది. తదహారు కూడా నవ్వుతున్నాడు. నేను కూడా నవ్వాను, తర్వాత చూస్తే ఫుమియో లేదు.

వంటింట్లో కుళాయి విప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఏడుస్తోంది.

"ఏమే, గెలిచావు కదా," అన్నాను.

"నేనెక్కడ గెలిచానక్కా," అంది ముక్కు చీదుకుంటూ. "ముప్పై ఏళ్ళు నేను కిందా మీదా పడ్డాను. ఆయన తింటూ తింటూ ఒక్క మాటన్నారు, నవ్వేశారు. నేను చేసిందేముంది."

నాకు దాని మీద జాలీ వేసింది, కోపమూ వచ్చింది. "ఆ రబ్బరు ఆయన కుట్టాడా?" అందామని నోరు తెరిచేలోగా గుమ్మంలో ఇత్సుకో గారు నిలబడి ఉన్నారు. టోపీ తీయలేదు. కళ్ళు తుడుచుకున్నట్టున్నారు, కళ్ళజోడు మసకగా ఉంది. వచ్చి కుళాయి కట్టేశారు. ఫుమియో గబగబా కొంగు ఉన్నట్టు ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది.

"కుడి చెవి నిలబెట్టి ఎడమది విరువు," అన్నారు ఇత్సుకో గారు. "వెనక కుట్టు కోణంగా రావాలి. వచ్చే ఆదివారం వస్తాను. సకాయిదే వెళ్ళాక కూడా ఆదివారాలు రైలు ఉంటుంది."

"అలాగే వదినా," అంది ఫుమియో. "ఆ రబ్బరు పొరపాటున పడిందండి. అది కూడా తీసేస్తాను."

ఆవిడ గడ్డం కింది తాడు సవరించుకున్నారు.

"రబ్బరు ముట్టుకున్నావంటే, వెనక్కి పంపిస్తాను."